మామ్మకు సీసాడు సముద్రం

భీమిలిలో చుట్టాల పెళ్లి అయిపోయింది. మా ఊరు భిలాయికి తిరిగి రైలెక్కే రోజు పొద్దున్నే నేనూ, నా స్నేహితురాలు అమ్మూ సముద్రానికి పరిగెత్తాం. మాఘ పౌర్ణమికి తలమీద చల్లుకోవడానికి సీసాడు సముద్రపు నీళ్లు తెమ్మని మామ్మ మరీ మరీ చెప్పింది.

చలికి వణుకుతూ అలల్లో గంతులేస్తుంటే, ఒడ్డున పెట్టిన నిండు సీసాని కాస్తా అల ఎత్తుకుపోయింది. రైలు టైమైపోయింది.

“టెన్షన్ మత్ లే, నేను చూసుకుంటాగా” అంది అమ్ము.

రాయపూర్ స్టేషన్‌లో ఇంకో ఖాళీ సీసాలో కుళాయి నీళ్లు పట్టింది. రైల్లో కొన్న జామకాయలతో ఇచ్చిన ఉప్పు పొట్లం అందులో పోసింది.

“ఎర్రగా ఉందే” అన్నాను.

“భీమిలి ఎర్రమట్టి అనుకుంటదిలే.”

కుమ్హారి స్టేషన్ దాటేదాకా సీసా ఊపుతూనే ఉన్నాను.

పౌర్ణమినాడు సెక్టర్ 7లోని మా ఇంట్లో మామ్మ ఆ సీసాని కళ్లకద్దుకుంది. తలమీద చల్లుకుని, ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

“మన సముద్రం నీళ్లేనా?”

“అవును మామ్మా, మేమే ముంచాం” అన్నాం ఇద్దరం ఒకే గొంతుతో.

మామ్మ ఇంకో చుక్క చప్పరించింది.

“ఏటే, ఈపాలి సముద్రంలో కారం కూడా ఉంది?”

మేం తలలు వంచుకున్నాం.

“మీ తాతే నయం. ఏటేటా ఉట్టి ఉప్పే కలిపీవోడు.”