రాయబారి బూటు

కిటికీ సందులో కుక్కిన తడిగుడ్డ తెల్లారేసరికి నల్లబడింది.

నొమిన్ దాన్ని తీసి ఇంకో గుడ్డ తడిపి కుక్కింది. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చలికాలం వస్తే ఇంటింటా బొగ్గు పొయ్యే.

పది నెలల కూతురు మిచిద్ దగ్గీ దగ్గీ అప్పుడే కళ్లు మూసింది.

"మందులు ఎన్నైనా రాస్తాను తల్లీ. పొగలేని గాలి మాత్రం నా దగ్గర లేదు. పాపని ఈ ఊరు దాటించు" అంది నిన్న డాక్టరమ్మ.

ఎక్కడికి దాటించాలి? పల్లెలో మామగారి మంద మూడేళ్ల కిందటి గడ్డుచలికి నిలబడ్డచోటే బిగుసుకుపోయింది. మంద వెనకాలే ఆయనా పోయాడు.

ఆ చావుల మీద జెనీవాలోని ప్రపంచ పచ్చికభూముల సభ ఒక పుస్తకం వేసింది. నున్నటి కాగితం, రంగు బొమ్మలు.

నొమిన్ భర్త షగ్దర్ ఆ సభని పత్రికలో చెడామడా తిట్టాడు. ఆ చేత్తోనే మంత్రుల్నీ తిట్టాడు. రెండు ఉద్యోగాలు పోయాయి.

ఇప్పుడు ఆ సభకే అతన్ని దేశం తరఫున రాయబారిగా పంపాలని పైవాళ్ల ఆలోచన. పార్లమెంటు సంఘం ఇవాళ సరే అనాలి.

జెనీవాలో బొగ్గు పొయ్యిలు ఉండవట. నొమిన్ నలుగురినడిగి మరీ కనుక్కుంది.

పాపని వదిలే దిక్కులేక వెంట తీసుకునే పార్లమెంటుకి బయల్దేరారు.

బస్సు కుదుపుకి నొమిన్ కాలు పక్కనున్న ముసలమ్మ బూటు తొక్కింది. వెంటనే చెయ్యి చాపింది. ముసలమ్మ అందుకుంది.

"పోయింది తల్లీ. ఇక మన మధ్య ఏ పగా లేదు."

కాలు తగిలితే చెయ్యి కలపాల్సిందే, అది అక్కడి ఆచారం. కొడుకైనా, కోర్టులో ఎదురు నిలబడ్డవాడైనా.

నొమిన్ మొగుడి వైపు తిరిగింది.

"మూడే మాటలు. చిత్తం. ప్రయత్నిస్తాను. ధన్యవాదాలు. నాలుగోది వద్దు."

"సరే."

"ఏదీ, మళ్లీ చెప్పు."

"సరే అన్నాను కదే!"

"నీ సరే విని రెండు ఉద్యోగాలకి నీళ్లొదిలాం."

షగ్దర్ పాప టోపీ సర్దుతూ కూర్చున్నాడు.

సంఘం పెద్ద పేరు చోయ్‌జిల్. ఒకప్పటి పశుశాఖ మంత్రి. "మన మంత్రిగారు గడ్డిని తివాచీ మీద తప్ప ఎక్కడా చూళ్లేదు" అని షగ్దర్ టీవీలో అన్నది ఈయన్నే. ఆరేళ్లయింది. కొత్త ఏడాది మొదట్లో వచ్చే తెల్లమాసం పండక్కి ఊరంతా చేతులు పట్టుకుని పలకరించుకుంటుంటే, వీళ్లిద్దరూ మాత్రం చెరో గోడ చూసేవాళ్లు.

షగ్దర్ సంఘం గదిలోకి వెళ్లాడు. నొమిన్ పాపని భుజాన వేసుకుని, నడవాలో గోడకున్న టీవీ ముందు నిలబడింది.

"ఆ సభని మీరు ఏమని రాశారు?" చోయ్‌జిల్ గొంతు.

"చచ్చిన గొర్రెలకి ఫోటోలు తీసుకునే గుమాస్తాల గుంపు అని రాశాను."

"ఇప్పుడేమంటారు?"

నొమిన్ పెదాలు కదిలాయి. ధన్యవాదాలు. ధన్యవాదాలు అను.

"అదే అంటానండీ. ఇన్నాళ్లూ వెనకాల అన్నాను. ఈసారి ఎదురుగా కూర్చుని అంటాను."

ఎవరో కిసుక్కుమన్నారు.

"నా గురించి కూడా ఏదో అన్నట్టు గుర్తు" అన్నాడు చోయ్‌జిల్.

"అన్నాను. అదీ వెనక్కి తీసుకోను."

టీవీలో బొమ్మ ఆగిపోయింది. ఓట్లకి తలుపులు మూశారట.

షగ్దర్ బయటికి వచ్చి భార్య ముందు నిలబడ్డాడు.

"మూడు మాటలు చెప్పమన్నాను" అంది నొమిన్.

"మూడే చెప్పాను."

తిట్టడానికి కూడా ఓపిక లేదామెకి. ఇంకో గుడ్డ తడపాలి. ఇవాళ, రేపు, వసంతం దాకా. భుజం మీద పాప దగ్గింది. అంత పొడుగు నడవాలో ఆ దగ్గు అటు చివర దాకా వెళ్లి తిరిగొచ్చింది.

తలుపు తెరుచుకుంది.

చోయ్‌జిల్ ఒక్కడే వచ్చాడు. లావుపాటి మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, పైకప్పు చూస్తూ నడుస్తున్నాడు. షగ్దర్ అలవాటుగా గోడ వైపు తిరిగాడు.

పెద్దాయన బూటు వచ్చి సరిగ్గా షగ్దర్ బూటు మీద పడింది.

"అరెరె" అన్నాడు చోయ్‌జిల్. చెయ్యి చాపాడు.

షగ్దర్ ఆ చేతిని చూశాడు. పట్టుకోకుండా ఎలా ఉంటాడు?

పట్టుకున్న చెయ్యి పెద్దాయన వెంటనే వదల్లేదు.

"ఇన్నాళ్లూ మా గుమ్మం ముందుకొచ్చి మొరిగావు. ఇక మన గుమ్మంలో నిలబడి అటు తిరిగి మొరుగు. గొంతు తగ్గించావంటే మాత్రం వెనక్కి పిలిపిస్తాను."

ఆ తర్వాత నొమిన్ వైపు తిరిగాడు.

"విమానం లేచేటప్పుడు పసిపిల్లలకి చెవులు నొప్పెడతాయి. పాలిస్తూ ఉండమ్మా."

ఇంతసేపూ నిలబడే ఉన్నానన్న సంగతి నొమిన్ కి అప్పుడు తెలిసింది. బల్ల మీద కూలబడింది. పాపని భుజం మీంచి ఒళ్లోకి దించుకుంది.

చోయ్‌జిల్ మళ్లీ చేతులు వెనక్కి కట్టుకుని, పైకప్పు చూస్తూ, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"ముసలాడికి చూపు బాగా మందగించినట్టుంది" అన్నాడు షగ్దర్, బూటు దులుపుకుంటూ.

నొమిన్ నడవా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూసింది. నాలుగు గుర్రాలు పక్కపక్కన పోయేంత వెడల్పుంది.