యథాతథంగా

తెనాలిలో తిరిగే ప్రతి ఆటోలోనూ పేరమ్మ ఏడుపే వినిపిస్తోంది. "మా ఆయన పోయిన రోజే నాకు కంటినిండా నిద్ర పట్టిందమ్మా" అని ప్రణీత మేడం కౌన్సిలింగ్ గదిలో తలుపేసుకుని చెప్పుకున్న మాట అది. ఇప్పుడు కౌన్సిలింగ్ చేసేవాళ్ళందరి ప్రకటనలూ ఇంతే. గదిలోని యంత్రం గుండె పిండే మాటను తానే ఏరి, క్షణాల్లో ఆటోల మైకుల్లో ఊరంతా వినిపిస్తుంది.

ఆడపడుచు గుమ్మంలో నిలబడి, "మా అన్న పోతే హాయిగా పడుకున్నావటే?" అని దుమ్మెత్తిపోసి వెళ్ళింది.

పేరమ్మ పెట్టెలోంచి ఒప్పందం కాగితం తీసింది. అప్పట్లో చదవడం రాక, మేడం మాట నమ్మి వేలిముద్ర వేసింది. ఈ ఏడే నేర్చిన అక్షరాలతో ఇప్పుడు కూడబలుక్కుని చదివింది. 'మీ మాటలను య...థా...త...థంగా ప్రకటిస్తాం.' అంటే ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క కోయకుండా. పేరమ్మ కళ్ళు మెరిశాయి.

మర్నాడు అదే గదిలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నమ్మి నా గుట్టు చెప్పుకుంటే ఈ ప్రణీత మేడం నన్ను బజారుకెక్కించింది తల్లుల్లారా! ఈ గడప తొక్కకండి!"

కిటికీ కింద ఆటో ఆ మాటలే అందుకుంది. మేడం ముఖంలో నెత్తురుచుక్క లేదు. గబగబా ఒక కాగితం తెచ్చి ముందు పెట్టింది.

"పాత ఒప్పందం రద్దు చేసుకుందాం పేరమ్మగారూ. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి, ఆటోల్లో ప్రకటనలన్నీ వెంటనే ఆగిపోతాయి. మీకు పుణ్యముంటుంది!"

"వేలిముద్రలు మానేశానమ్మా. చదివి సంతకం పెడతాను," అంటూ పేరమ్మ కళ్ళజోడు తుడుచుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. "కాస్త ఓపిక పట్టు తల్లీ. అన్నీ ఒత్తులే ఉన్నాయి, సాయంత్రమవుతుంది."