గెరిట్ పొలానికి అడ్డుపుల్ల

"ఆ మెడ బొత్తాం పెట్టుకో. మీటింగులో మాట్లాడటానికి వచ్చినవాడిలా ఉండు, పాలు పితికి వచ్చినవాడిలా కాదు," అంది ఒలిండా, కొడుకు కాలరు సర్దుతూ.

"పాలు పితికే వచ్చానమ్మా. ఊపిరాడటం లేదు," అన్నాడు లినో.

"కాసేపు ఆడకపోతే ఏం కాదులే. గొంతు మాత్రం తగ్గించకు. గెరిట్‌ను ఒక్క ఎకరం కూడా విడిపించుకోనివ్వకు."

కౌంటీ ఆఫీసు వరండాలో ఆ మాట విని లినో ఉబ్బిపోయాడు. చర్చికీ, చర్చి పండగలో సూపు వండటానికీ తప్ప గడప దాటని ముసలామె, ఇవాళ నల్ల గౌను ఇస్త్రీ చేసుకుని మరీ కొడుకు ట్రక్కెక్కింది. తల్లంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

సంగతేమిటంటే, కాలిఫోర్నియాలో ఆ లోయ రైతులు తమ పొలాన్ని పొలంగానే ఉంచుతామని కౌంటీకి ఒప్పందం రాసిస్తారు. కౌంటీ వాళ్ళకు పన్ను తగ్గిస్తుంది. పన్ను తగ్గినన్నాళ్ళూ అందరికీ భూమి మీద ఎక్కడలేని ప్రేమ! లినో పక్క పొలం గెరిట్ అనే డచ్ పెద్దమనిషిది. ఇళ్ళు కట్టే కంపెనీ ఒకటి వచ్చి మంచి ధర చెప్పేసరికి అతని ప్రేమ కాస్తా ఆవిరైపోయింది. ఒప్పందం వెంటనే రద్దు చేయమని కౌంటీ బోర్డుకు దరఖాస్తు పెట్టాడు.

అక్కడ ఇళ్ళు లేస్తే లినో పాల డైరీకి నూకలు చెల్లినట్టే. కంచె అవతల కాపురం పెట్టినవాళ్ళు మొదటి నెల దూడల్ని చూసి మురిసిపోతారు, రెండో నెల పేడ కంపని కేసు వేస్తారు. అతని చిన్నాన్న కొడుకు డైరీ అలాగే మూతపడింది. లినోకు ఆవులు తప్ప ఇంకో విద్య రాదు. ఆవులు అతనివి, భూమి తల్లిది. పన్నులూ కాగితాలూ అన్నీ ఆవిడే చూసుకునేది. ఆ తలనొప్పి తనకు లేనందుకు అతను చాలా సంతోషించేవాడు.

ఇంతలో గెరిట్ కుంటుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా గెరిట్, భూమొక్కటేనా, పెళ్ళాం పిల్లల్ని కూడా బేరం పెట్టావా?" అన్నాడు లినో.

"నా మోకాళ్ళు అరిగిపోయాయయ్యా. మా అమ్మాయేమో పళ్ళ డాక్టరు, ఆవుల పళ్ళు చూడనంటుంది. ఆ పొలం నేనేం చేసుకోను?"

"అయితే పద్ధతిగా వెళ్ళు. ఒప్పందం ఇక పొడిగించనని చెప్పి తొమ్మిదేళ్ళు కూర్చుంటే దానంతటదే తీరిపోతుంది. అడ్డదారెందుకు?"

"తొమ్మిదేళ్ళా! అంత ఓపిక మనిషన్నవాడికి ఉంటుందా?"

"ఓపిక లేనివాడికి భూమెందుకయ్యా," అంది ఒలిండా.

గెరిట్ టోపీ తీశాడు. "మీకేం ఒలిండమ్మా, చూసుకోవడానికి కొడుకున్నాడు."

"ఉన్నాడు, ఉన్నాడు," అందావిడ.

లోపల మీటింగు హాల్లో ఒలిండా మెత్తటి కుర్చీలో కూర్చుని గుండెల నిండా గాలి పీల్చుకుంది. "ఇక్కడ పేడ కంపు లేదురా. ఎంత హాయిగా ఉందో!"

"అలవాటు లేక అలా అనిపిస్తోందిలే," అన్నాడు లినో.

అతని వంతు వచ్చింది. మైకు దొరికేసరికి పూనకం కూడా వచ్చింది.

"భూమంటే తల్లి! తల్లిని అమ్ముకునేవాణ్ణి ఏమనాలి? ఈ ఊరు పొద్దున్నే తాగే పాలు ఎక్కణ్ణించి వస్తాయి? రేపు ఇళ్ళ గోడల్ని పితుకుతారా? మా నాన్న పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, ఈ మట్టిని వదలకురా అన్నాడు. మా అమ్మే సాక్షి!"

హాలంతా ఒలిండా వైపు తిరిగింది. నిజానికి ఆ పెద్దాయన పోతూ పోతూ అన్నది టీవీ కట్టేయమని. అయినా ఆవిడ కొడుకు పరువు కోసం తలూపి, జేబురుమాలుతో కళ్ళద్దుకుంది. పోయినేడాదే బాదం తోట అమ్ముకున్న లూర్డెస్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

గెరిట్ తన మోకాళ్ళ గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. మోకాళ్ళకు చప్పట్లు ఎవరు కొడతారు!

లినో చెమటలు కక్కుతూ వచ్చి కూలబడ్డాడు. తల్లి సంచీలోంచి తీపి రొట్టె ముక్క తీసి చేతిలో పెట్టింది.

"బాగా అరిచావు నాయనా. దీంతో అతని పని అయిపోయింది."

అయిపోయింది కూడా. బోర్డు సభ్యులందరూ వద్దనే చెయ్యెత్తారు. దరఖాస్తు కొట్టేశామని చైర్మన్ మేడం ప్రకటించగానే లినో తల్లిని వాటేసుకుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. గెరిట్ ఎవరి వైపూ చూడకుండా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కాఫీ విరామంలో లినో ఛాతీ విరుచుకుని మేడం దగ్గరికి నడిచాడు. పొగడ్త చెవిన పడేదాకా అతనికి గెలిచినట్టే ఉండదు.

"నా మాటలు మీ మనసు మార్చేశాయి కదండీ?"

"చక్కగా మాట్లాడారు. అయితే మేము చూసింది అది కాదు," అందావిడ. "ఆ ఇళ్ళకు పనికొచ్చే భూమి, ఒప్పందం లేనిది, దగ్గర్లో ఎక్కడా దొరక్కపోతేనే రద్దు చేయాలని చట్టం. ఇక్కడేమో ఆ రోడ్డు మీదే దొరుకుతోంది. దాని యజమాని ఎవరికీ చెప్పకుండా తొమ్మిదేళ్ళు ఆగి, మొన్న జనవరికి ఒప్పందం తీర్చేసుకున్నారు. అమ్ముతామని రాతపూర్వకంగా కూడా ఇచ్చారు. కంపెనీ వాళ్ళు ఇక అదే కొనుక్కుంటారు."

లినోకు ఒళ్ళు మండిపోయింది. గిరుక్కున తల్లి దగ్గరికి వచ్చాడు.

"విన్నావా అమ్మా? తొమ్మిదేళ్ళు నోరు మూసుకు కూర్చుని మన కొంప ముంచాడట! ఎవడో ఆ దొంగ వెధవ! పద, వాడి సంగతి కూడా ఇవాళే తేల్చేద్దాం."

"నేనేరా," అంది ఒలిండా.