కింది అర

బుట్టలో వేసిన బిస్కెట్ల పొట్లాన్ని ఎవరిదో చెయ్యి బయటికి తీసి, మళ్ళీ అరలో పెట్టేసింది.

గుండీలక్క ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

బట్టల కార్ఖానాలో చొక్కాలకు గుండీలు కుట్టే పని ఆమెది. అందుకే అందరికీ గుండీలక్క అయింది. ఆ సాయంత్రం జీతం చేతికి రాగానే అట్నుంచి అటే ఈ పెద్ద కొట్టుకి వచ్చింది.

వెనక ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. బూడిదరంగు కోటు, నున్నగా గీసిన గడ్డం, రెప్ప వెయ్యని చూపు.

"ఇదే సరుకు కింది అరలో సగం ధరకే ఉందమ్మా. వంగి చూడు," అన్నాడు మెల్లగా.

ఆమె వంగలేదు. సంచీ గుండెలకు హత్తుకుని, డబ్బు కట్టే చోటికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

కార్ఖానాలో పక్క బల్ల దగ్గర పనిచేసే పిల్ల రెండు రోజుల కిందటే చెప్పింది. కొట్లలో తియ్యగా మాట కలిపి, ఇంటిదాకా వెంటపడి, ఆడవాళ్ళ పర్సులు లాక్కుపోయే ముఠా ఒకటి తిరుగుతోందట.

ఆమె పర్సులో ఉన్నది జీతం ఒక్కటే కాదు, భర్త కాలు కూడా.

గోడలకు రంగులేసే మనిషి. నిచ్చెన మీంచి పడి నాలుగు నెలలైంది. ఎముక వంకరగా అతుక్కుంది. ఎండాకాలంలోపు మళ్ళీ ఆపరేషన్ చేసి సరిచెయ్యకపోతే ఇక జన్మంతా కుంటే అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. దానికోసం నెలనెలా కొంత వెనకెయ్యాలనే అనుకుంటుంది. ఇరవయ్యో తారీకుకల్లా డబ్బుల డబ్బా అడుగు కనబడుతుంది. ఏమైపోతోందో అంతు చిక్కదు. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే ఉంది.

మరుసటి వారం కొట్టు గుమ్మంలోనే ఆయన ఎదురయ్యాడు.

"ఏమన్నా తిని వచ్చావా అమ్మా?"

గుండీలక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ముక్కూమొహం తెలియని మనిషికి తన తిండి సంగతి ఎందుకు?

"కడుపు ఖాళీగా వస్తే బుట్ట నిండుతుంది," అని ఆయనే పక్కకి తప్పుకున్నాడు.

ఆ రోజు ఇల్లు చేరేలోపు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది. భర్తకి చెప్పలేదు. మంచం దిగలేని మనిషి, విని ఏం చెయ్యగలడు? ఆడపడుచుకి చెబితే, ఊరుకున్నకొద్దీ ఇలాంటివాళ్ళు నెత్తికెక్కుతారు వదినా, ఈసారి కనబడితే కొట్టువాళ్ళకి పట్టివ్వు అంది.

మూడోసారి కొట్టు పక్కనే వీధి మలుపులో వినబడింది ఆ గొంతు.

"అమ్మా, ఒక్కమాట."

ఆమె తిరిగి చూసింది. ఆయన దగ్గరికొచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

అది పోయిన వారం ఆమె కొట్టులోనే పారేసి వచ్చిన బిల్లు. నాలుగు వరసల కింద ఎర్ర సిరాతో గీతలు గీసి ఉన్నాయి.

ఆమె చూపు గీతల్లేని మిగతా వరసల మీద పడింది. కట్టుగుడ్డ, నొప్పి మాత్రలు, పూత మందు. ఇంట్లో లేవలేని మనిషి ఉన్నాడని ఈ కాగితం చదివినవాడికి ఇట్టే తెలిసిపోతుంది. తలుపు తోస్తే అడ్డుపడేవాళ్ళు లేరని కూడా తెలిసిపోతుంది.

"గీత గీసినవి నాలుగూ కొనాలని ఇంటి దగ్గర అనుకుని రాలేదు కదమ్మా నువ్వు?"

ఆమె వెనుదిరిగి కొట్టులోకి పరుగెత్తి, అక్కడి సూపర్‌వైజరుకి అంతా చెప్పింది.

అతను ఎదురుప్రశ్న వెయ్యలేదు. ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు బయటికి వచ్చి ముసలాయన కోటు చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకోసారి ఈ గడప దగ్గర కనబడితే పోలీసుల్ని పిలవాల్సి వస్తుందండీ," అన్నాడు.

ముసలాయన పెనుగులాడలేదు. గుండీలక్క వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని ఆమె తలెత్తలేదు.

"చీటీ రాసుకుని రా అమ్మా. చీటీలో లేనిదాని జోలికి పోకు," అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పగబట్టాడేమో, ఎక్కడో మాటువేసే ఉంటాడేమో అని అప్పట్నుంచి ఆమెకి ఒకటే దడ. కొట్టుకి వెళ్ళడమంటే పులి గుహలోకి వెళ్ళినట్టే. వారానికి రెండుమూడుసార్లు వెళ్ళేది కాస్తా పది రోజులకి ఒక్కసారి చేసింది. లోపల ఎక్కువసేపు ఉండకూడదని కావలసినవి ఇంట్లోనే రాసుకునేది. భయానికి కళ్ళు తిరుగుతున్నాయని నాలుగు ముద్దలు తిని బయల్దేరేది. ఎవరి చూపూ కలవకుండా తల వంచుకుని నడిచేది. వంచిన తలకి కనబడేది కింది అరే కాబట్టి, చేతికందింది అక్కడే తీసుకుని పది నిమిషాల్లో బయటపడేది.

మూడో నెల ఇరవయ్యో తారీకున పాలవాడికి ఇవ్వడానికి డబ్బా మూత తీసి నిర్ఘాంతపోయింది. అడుగు కనబడలేదు. ఆడపడుచు గానీ వేసిందేమోనని అడిగింది. నేనెక్కణ్ణుంచి తెస్తాను వదినా అని నవ్వింది ఆవిడ.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటీ అర్థమైంది గుండీలక్కకి.

ఎండలు ముదరకముందే ఆపరేషన్ అయింది. భర్త చేతికర్ర సాయంతో వీధి చివరిదాకా నడిచిన రోజున ఆమె మొదటిసారి తలెత్తుకుని కొట్టులోకి వెళ్ళింది. క్షమించమని ఎలా అడగాలో దారిపొడవునా మనసులో వల్లెవేసుకుంది. బూడిదరంగు కోటు వీధి మలుపులోనూ లేదు, లోపలా లేదు.

డబ్బు తీసుకునే అమ్మాయిని అడిగింది.

ఆ అమ్మాయి చేతులు ఆగిపోయాయి. "ఆ తాతగారా? పోయారక్కా. నెల దాటింది."

గుండీలక్క చేతిలో బుట్ట కింద పెట్టేసింది. "లేమిలో నలిగిన మనిషై ఉంటాడు పాపం. లేకపోతే పైసా పైసా ఎలా మిగులుతుందో అంత బాగా ఎలా తెలుస్తుంది?" అంది.

అమ్మాయి సూపర్‌వైజరు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"లేమి కాదక్కా. ఏ సరుకు ఏ అరలో పెడితే జనం చెయ్యి ఆలోచించకుండా అందుకుంటుందో ముప్పై ఏళ్ళపాటు ఈ కొట్టుకి నేర్పింది ఆయనే."