పొట్టి కాళ్ళ కుర్చీ

“ఎవరికిది?” అన్నాడు ఓలెబిలె.

తాపెలో అనే ఆ వడ్రంగి తలెత్తలేదు. తడి ఎద్దుతోలు పట్టీల్ని చట్రానికి అడ్డంగా లాగి బిగిస్తున్నాడు. అది ఖోట్లాకు పట్టుకెళ్ళే కుర్చీ. ఊరి తగవులు తీర్చే ఆ ఆవరణకు మగవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళే మోసుకుపోతారు. ఆడవాళ్ళు చాపలు తెచ్చుకుని వెనకాల కూర్చుంటారు.

“మీ అక్క చేయిస్తోంది. సాక్షి కోసమట.”

“ఎవడా సాక్షి?”

“నాకేం తెలుసయ్యా! కాళ్ళు పొట్టిగా పెట్టమంది. ఆ మనిషికి మోకాళ్ళ నొప్పులట, లేచేటప్పుడు పట్టుకోవడానికి రెండు పక్కలా చేతులుండాలంది. నీకేమిటంత కంగారు?”

“కంగారా? నాకా?” అన్నాడు ఓలెబిలె.

కిందటి సారి ఖోట్లాలో ఊరిపెద్ద అందరి ముందూ చెప్పాడు. “పాత రోజుల్లో అయితే ఇల్లు ఆఖరి కొడుకుదే. మాట అక్కడితో సరి. ఇప్పుడు పెద్దకోర్టు తీర్పు వచ్చింది. ఆడపిల్లవి, బయటికి నడు అంటే రాజ్యాంగం ఒప్పుకోదు. మీ అమ్మ పోతూ పోతూ ఇల్లెవరికి అందో అది తేలాలి. ఓలెబిలె, నీ మాట విన్నాను. సీచిరో, నీకు సాక్షి ఉంటే తీసుకురా.”

అమ్మ ఏమందో ఓలెబిలెకు తెలుసు. అతను ఖోట్లాలో చెప్పింది మాత్రం అది కాదు.

ఆ సాయంత్రం మంచం దగ్గర తను తప్ప ఎవరున్నారు? అక్క మందుల కోసం పట్నం వెళ్ళింది. మేనమామ పశువుల మంద దగ్గర ఉన్నాడు. పాస్టరు ఇంకా రాలేదు. ఇంట్లో ఆడవాళ్ళు గంజి పట్టుకుని వస్తూ పోతూ ఉన్నారు, అంతే. మరి ఈ పొట్టివాడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు? కిటికీ కింద నక్కి విన్నాడా?

ఇంటికొస్తే భార్య బొనొలో జొన్నసంకటి ముందు పెట్టింది. అతను గిన్నె పక్కకు నెట్టాడు.

“మా అక్క ఎవణ్ణో కొనేసింది” అన్నాడు.

“రెండు మేకలు తప్ప ఆమె దగ్గరేముంది, కొనడానికి?”

“నువ్వు దానివైపు మాట్లాడకు.”

“నన్నెవరు మాట్లాడనిచ్చారు, లొరాతో నాన్నా?” అని, పెద్దకూతురి పేరుతో అతన్ని పిలిచి నవ్వింది బొనొలో. తర్వాత అంది: “మనకీ ముగ్గురూ ఆడపిల్లలే. రేపు మీ అన్న కొడుకొచ్చి వాళ్ళని ఈ ఇంట్లోంచి పొమ్మంటే?”

“అందుకే అమ్మ ఇల్లు కూడా చేతిలో ఉండాలంటున్నా. నీకేం తెలుసు, ఊరుకో!”

ఆమె గుమ్మం పట్టుకుని మెల్లగా లేచి, గిన్నెలు తీసింది.

ఊళ్ళో పొట్టివాళ్ళనందర్నీ మనసులో ఒక చుట్టు చుట్టి, ఓలెబిలె మొఆబి దగ్గర ఆగాడు. ముసలి పశువుల కాపరి, మోకాళ్ళు పనిచెయ్యవు, పైగా అమ్మకు దూరపు చుట్టం. పొగాకు పొట్లం తీసుకుని వెళ్ళాడు.

“తాతా, ఖోట్లాకి వస్తున్నావా?”

మొఆబి పొగాకు వాసన చూసి, చంకలో పెట్టుకున్నాడు. “అక్కడిదాకా నన్ను నువ్వు మోసుకెళ్తావా?”

“మా అక్క నీకేమైనా చెప్పిందా?”

“నాకెందుకు చెబుతుంది? నేను ఆ పూట మందతోనే ఉన్నాను.” ముసలాయన కళ్ళు చికిలించాడు. “ఏరా, నిజం చెప్పినవాడివి, సాక్షంటే అంత బెదురెందుకు?”

ఓలెబిలె అక్కణ్ణుంచి బయటపడ్డాడు. దారిలో ఎదురైన ప్రతి కుంటివాణ్ణీ వెనక్కి తిరిగి మరీ చూశాడు.

ఖోట్లా రోజున, దారి బాగా కనబడే చోట కుర్చీ వేసుకున్నాడు. వెనకాల ఆడవాళ్ళలో బొనొలో చాప పరుచుకుంది. సీచిరో కొత్త కుర్చీ తెచ్చి ఊరిపెద్ద ఎదురుగా పెట్టి, తను పోయి నేలమీద కూర్చుంది. తోలు పట్టీలు ఇంకా తెల్లగా ఉన్నాయి. అందరి చూపులూ ఆ ఖాళీ కుర్చీ మీదే.

“వాడు పారిపోయినట్టున్నాడు” అన్నాడు ఓలెబిలె, పక్కవాళ్ళకి వినబడేలా. ఇద్దరు నవ్వారు.

ఊరిపెద్ద వచ్చాడు. మగవాళ్ళు లేచి “పూలా!” అని వానను కోరుతూ దణ్ణం పెట్టి కూర్చున్నారు.

“సీచిరో, నీ సాక్షి ఏరి?”

“ఇక్కడే ఉన్నారు పెద్దయ్యా.”

ఓలెబిలె మెడ సాచి దారి వైపు చూశాడు. దుమ్ములో ఒక మేక నడుచుకుంటూ పోతోంది. ఇంకెవరూ లేరు. వెనకాల ఎవరో చాప చుడుతున్న చప్పుడైంది. అతను తల తిప్పలేదు, దారినే చూస్తున్నాడు.

బొనొలో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.