అంటుకోని బంక

"ఏమండీ, ఆ రెక్క తలకిందులుగా పెట్టారు."

"నీకలా కనిపిస్తోంది. మంచం మీద పడుకుని చూస్తే లోకమంతా తలకిందులే," అన్నాడు మాజీ గుమాస్తా తల ఎత్తకుండా.

ఆవిడకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు హ్యాంగరులో విమానాలు బాగుచేసిన మెకానిక్కుకు రెక్క సంగతి ఈయన చెప్పాలా! బల్ల మీద ముక్కలుగా పరుచుకున్నది, ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదట చెయ్యి వేసిన పాతకాలపు ప్రయాణికుల విమానం. జానెడు ప్లాస్టిక్ నమూనా. కట్టేదేమో, బల్బు మార్చడానికి కూడా పక్కింటివాళ్లను పిలిచే మనిషి.

ఆవిడకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కాలు తేరుకుంది కానీ కుడిచెయ్యి తేరుకోలేదు.

"వేళ్లకు పని చెబితేనే వస్తాయి ఆంటీ. ఆలస్యమైతే కష్టం," అని ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి రబ్బరు బంతి ఇచ్చింది.

"నేనేమన్నా చంటిపిల్లనా?" అని ఆవిడ దాన్ని మంచం కిందకు దొర్లించేసింది. ఇంజన్లు విప్పిన చేత్తో బంతి పిసకడమా! ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఊరుకున్నాడు.

ఊరుకుని ఏం చేశాడయ్యా అంటే, ఈ విమానం ముక్కల పెట్టె కొనుక్కొచ్చాడు. తనకూ ఏదో కాలక్షేపం ఉండాలట. పెళ్లాం చెయ్యి పడిపోతే ఈయనకు బొమ్మలాటా అని ఆవిడకు ఉక్రోషం.

మధ్యాహ్నం ఆయన గురక మొదలవగానే ఆవిడ గోడ పట్టుకుని బల్ల దగ్గరకు వెళ్లింది. ఆ రెక్కను చూస్తూ అన్నం కూడా సయించలేదు మరి. అదృష్టం కొద్దీ మహానుభావుడు ప్లాస్టిక్‌కు వేసే బంక బదులు, పిల్లలు కాగితాలు అంటించుకునే తెల్ల బంక కొన్నాడు. తడిగుడ్డ పెట్టగానే రెక్క ఊడొచ్చింది. తిరిగి పెట్టడానికే గంట పట్టింది. ఎడంచేత్తో పట్టుకుంటే కుడిచేత్తో నొక్కాలి కదా! ముక్క రెండుసార్లు జారిపడింది. ఒకసారి ఏడుపొచ్చింది. అయినా వదల్లేదు.

"చూశావా, ఎంత తిన్నగా అతికించానో!" మర్నాడు ఆయన మురిసిపోయాడు.

"మీకేమండీ, పనిమంతులు," అంది ఆవిడ నవ్వాపుకుంటూ.

అది మొదలు రోజుకో ఘనకార్యం. ఇవాళ తోక వంకర, రేపు చక్రాలు వెనక్కి. రానురాను ఆయన తప్పులు చిన్న చిన్న ముక్కల్లోకి దిగాయి. బియ్యపుగింజంత కిటికీలు కూడా తారుమారు చేసిపెట్టాడు. ఆవిడ తిట్టుకుంటూనే సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి సరిచేసేది.

ఆరు వారాలకు విమానం పూర్తయింది. ఆ వారమే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది.

"ఈ గుండీ పెట్టగలరేమో చూడండి ఆంటీ."

ఆవిడ కుడిచేత్తో టక్కున పెట్టేసింది. అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి.

"బంతి నొక్కుతున్నారన్నమాట!"

"బంతీ లేదు, గింతీ లేదు." ఆవిడ వంటగది వైపు చూసి గొంతు తగ్గించింది. జరిగిందంతా చెప్పింది. "ఆయనతో అనకు తల్లీ. అంతా తనే కట్టాననుకుంటున్నాడు. పాపం, వట్టి అమాయకుడు. ఆయనకు చేతకాకపోబట్టి నా చెయ్యి నాకొచ్చింది." చెబుతుంటే ఆవిడ కళ్లు తడయ్యాయి.

"ఒట్టు, చెప్పను ఆంటీ."

గుమ్మం దగ్గర ఆయన ఎదురుచూస్తున్నాడు.

"ఎలా ఉందమ్మా?"

"గుండీ పెట్టేశారు అంకుల్."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అమ్మాయి నవ్వుకుంటూ ఆసుపత్రికి వెళ్లి, తన గది తలుపు తీసింది.

బల్ల మీద, రెండు నెలల కిందట ఆయన కట్టి ఇచ్చిన, అచ్చం అలాంటిదే ఇంకో విమానం ఉంది, ఒక్క తప్పూ లేకుండా.