వైరుకు అవతల

చీకటి పడే వేళకు సంతోష్ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి చేరాడు. పాత కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. విమలమ్మ ఇంట్లో అలాంటివి రెండున్నాయి. ముందుగది కంప్యూటర్‌కు వచ్చే నెట్టే, వైరు గుండా లోపలి గదిలో ఉన్నదానికీ అందేది. లోపలిది ఆమె భర్త సాయిలుది. ఎండాకాలంలో ఆయన పోయినప్పటి నుంచి దానికి నెట్టు అందడం లేదు.

"ఆయన మాట్లాడిన వీడియోలు అండ్లనే ఉన్నయి బిడ్డా. బొంబాయిల ఉండే మా బిడ్డ హారిక, బాపు గొంతు వినాలని ఒకటే ఏడుపు," అంది విమలమ్మ.

సంతోష్ ముందుగదిలో కూర్చొని, లోపలి కంప్యూటర్‌ను పలకరించే చిన్న కమాండు కొట్టాడు. అది పని చేస్తుంటే జవాబు రావాలి. వచ్చింది. వెంటనే మరొకటి వచ్చింది.

"వైరు మంచిగనే ఉందవ్వా," అంటూ లేచి లోపలికి పోయాడు.

ఆ గదిలో తన ఊపిరి తనకే వినిపించింది. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. తీసి చూస్తే, కరెంటు ప్లగ్గు ఊడదీసి ఉంది. నెట్టు వైరు కొస దేనికీ తగలకుండా నేల మీద పడి ఉంది.

అక్కడి నుంచే కేకేశాడు. "అవ్వా, తెర మీద జవాబులు ఆగినయా?"

"లేదు బిడ్డా, వస్తనే ఉన్నయి."

గబగబా వచ్చి, ఇవతలి కొస కూడా పీకేశాడు. అయినా జవాబులు ఆగలేదు. ఇక కంప్యూటరే ఆపేద్దామని చెయ్యి చాచాడు.

విమలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో భయం లేదు, నీళ్లున్నాయి.

"ఆపకు బిడ్డా," అంది మెల్లగా. "అన్నం తిన్నడో లేదో అడుగు."